మారాలో ఐదు రాత్రులు, 15 కిలోల సంచి: గుడారపు బసకు సన్నాహాల డైరీ

పని: కెన్యాలోని మాసాయి మారాలో ఒక గుడారాల సఫారీ క్యాంపులో ఇద్దరికి ఐదు రాత్రుల బస. కాలం: ఫిబ్రవరి రెండో వారం. హద్దు: ఒక్కొక్కరికి 15 కిలోల సామాను, చేతిసంచితో కలిపి. ఈ హద్దు పెట్టేది క్యాంపు కాదు, నైరోబీ నుంచి మారాకు ఎగిరే చిన్న విమానం. సన్నాహమంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది కాబట్టి, ప్రతి మెట్టులోనూ తూకం ఎంత మారిందో రాసిపెట్టాం.

120 రోజుల ముందు: ఏ నేల, ఏ నెల

క్యాంపు ఫొటోలు చూసే ముందు అది ఏ నేలలో ఉందో చూడాలి. మాసాయి మారా నేషనల్ రిజర్వ్ సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. దాన్ని ఆనుకుని మాసాయి కుటుంబాలు తమ భూములను కౌలుకిచ్చి ఏర్పరచిన కన్సర్వెన్సీలున్నాయి: మారా నార్త్, ఓలారే మొటొరోగి, నబోయిషో, ఓల్ కిన్యేయి వంటివి. మధ్యలో కంచె లేదు. సింహం పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ. తేడా నియమాల్లో ఉంది. రిజర్వ్‌లో బండి దారి దిగకూడదు, చీకటి పడ్డాక తిరగకూడదు. కన్సర్వెన్సీలో గైడ్ అవసరమనుకుంటే గడ్డిలోకి దిగుతాడు, రాత్రి సఫారీ ఉంటుంది, సాయుధ కాపలాతో కాలినడకనా వెళ్ళొచ్చు. బస చేసేవాళ్ళకే ప్రవేశం కాబట్టి బండ్ల రద్దీ తక్కువ.

నిర్ణయం: కన్సర్వెన్సీలో ఐదు రాత్రులు, మధ్యలో ఒక రోజంతా రిజర్వ్‌లో. ఆ ఒక్క రోజుకు రుసుము వేరుగా పడుతుంది. 2024 నుంచి విదేశీ పెద్దలకు రిజర్వ్ రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. క్యాంపు చెప్పిన ధరలో ఇది కలిసి ఉందో లేదో అడగకుండా బయానా పంపొద్దు. చాలా ధరల పట్టికల్లో కన్సర్వెన్సీ రుసుము కలిపి, రిజర్వ్ రుసుము వదిలేస్తారు.

నెల సంగతి. వైల్డ్‌బీస్ట్ (దున్నలా కనిపించే జింకజాతి) మందలు మారా నదిని దాటే దృశ్యమే కావాలంటే జూలై నుంచి అక్టోబరు మధ్య వెళ్ళాలి. ఫిబ్రవరిలో ఆ మందలు దక్షిణాన టాంజానియాలో ఉంటాయి. అయినా ఫిబ్రవరినే ఎంచుకున్నాం. నవంబరు, డిసెంబరు చిరువానలు ముగిసి ఉంటాయి, మార్చిలో మొదలయ్యే పెద్దవానలు ఇంకా రావు. మారాలో సింహాలు, చిరుతలు, చీతాలు ఏడాది పొడవునా ఉంటాయి. వాటి దగ్గర నిలబడే బండ్లు మాత్రం సెప్టెంబరులో కంటే చాలా తక్కువ. పిల్లి జాతిని తీరిగ్గా చూడాలనుకునేవాళ్ళకు ఇదే మంచి బేరం.

వాన ఎందుకింత ముఖ్యమంటే, మారా నేలలో చాలా భాగం నల్లరేగడి. తడిస్తే ఎలా పట్టుకుంటుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నాలుగు చక్రాలూ లాగే బండి కూడా అందులో ఇరుసు దాకా దిగబడుతుంది. పెద్దవానల కాలంలో ధరలు తగ్గడానికి ఇదొక కారణం.

100 రోజుల ముందు: క్యాంపుకు ప్రశ్నల ఉత్తరం

ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చిన గంట ఇదే. సామాను సర్దడం తూకం దగ్గర మొదలవదు, క్యాంపులో ఏముందో తెలుసుకోవడం దగ్గర మొదలవుతుంది. అడక్కపోతే క్యాంపు ఎలాగూ ఇచ్చే వస్తువులనే రెండు మూడు కిలోలు మోసుకెళ్తాం.

గుడారం అంటే ఏమిటో కూడా అడగాలి. ఈ మాట కింద రెండు రకాలు అమ్ముతారు. ఒకటి చెక్క అరుగు మీద స్థిరంగా వేసిన పెద్ద కాన్వాస్ గది: కుట్టేసిన అడుగు, దోమతెర కిటికీలు, వెనక గొట్టపు నీళ్ళతో స్నానాలగది. రెండోది కాలాన్ని బట్టి ఎత్తేసి మరోచోట వేసే గుడారం. అందులోనూ మంచి పరుపు, ఫ్లష్ టాయిలెట్ ఉంటాయి గానీ స్నానానికి బకెట్ షవరే. పని మనిషి 20 లీటర్ల వేణ్ణీళ్ళు తెచ్చి, గుడారం వెనక తాడుతో పైకి లాగి కడతాడు. లోపల గొలుసు లాగితే నీళ్ళు పడతాయి. రెండూ లగ్జరీ పేరుతోనే అమ్ముడవుతాయి, రెండూ బాగుంటాయి. ఏది వస్తుందో తెలిసి వెళ్ళడమే కావలసింది.

మేము పంపిన ప్రశ్నలూ, జవాబు వచ్చాక సంచిలో జరిగిన మార్పూ ఇవి.

గుడారంలో ప్లగ్గులున్నాయా? కరెంటు సోలార్ బ్యాటరీలదా, రాత్రంతా ఉంటుందా? జవాబు: సోలార్, మంచం పక్కన యూఎస్‌బీ ఉంది, పెద్ద చార్జర్లు భోజనాల గుడారంలో. హెయిర్ డ్రయర్ వాడకూడదు. అది 1,500 వాట్లు లాగుతుంది, గుడారపు ఇన్వర్టరు మోయలేదు. డ్రయర్ జాబితాలోంచి పోయింది. నిద్రలో శ్వాసకు సీపాప్ యంత్రం వాడేవాళ్ళు ఈ ప్రశ్నను బుకింగ్‌కు ముందే అడగాలి. రాత్రి కరెంటు ఆపే క్యాంపుల్లో వాళ్ళకు విడిగా బ్యాటరీ ఏర్పాటు కావాలి.

బట్టలు ఉతుకుతారా? రోజూ, ధరలో కలిపి. లోదుస్తులు మాత్రం తీసుకోరు, వాటికి గుడారంలో సబ్బుపొడి పెడతారు. కెన్యా క్యాంపుల్లో ఇది మామూలే. ఉతికినవన్నీ ఇస్త్రీ చేసే ఇస్తారా అని కూడా అడిగాం. ఆరుబయట ఆరేసిన తడిబట్టల మీద టుంబు ఈగ గుడ్లు పెట్టవచ్చు, వాటి నుంచి వచ్చే పురుగులు చర్మంలోకి దూరతాయి. ఇస్త్రీ వేడికి ఆ గుడ్లు చస్తాయి. అందుకే చేత్తో ఉతుక్కున్నవి బయట తీగ మీద వేయకుండా స్నానాలగదిలోనే ఆరేయాలి. రోజూ ఉతుకుతారన్న ఒక్క జవాబుతో చొక్కాల లెక్క ఏడు నుంచి మూడుకు దిగింది.

సబ్బు, షాంపూ, టార్చి, వాన కోటు, దుప్పట్లు, తాగునీళ్ళు? అన్నీ ఇస్తారు. బండిలో దుప్పట్లు, రాత్రి పరుపులో వేణ్ణీళ్ళ సంచి కూడా. దోమల మందు ఉంటుంది గానీ బ్రాండు చెప్పలేరు, కాబట్టి సొంతది తీసుకెళ్ళాలి.

బండి ఎలాంటిది? పక్కలు తెరిచిన ల్యాండ్ క్రూయిజర్, గరిష్ఠం ఆరుగురు. కెమెరా ఉంటే ఇది చెప్పి తీరాలి. పైకప్పు మాత్రమే లేచే వ్యానులో కిటికీకి బీన్‌బ్యాగ్ (లెన్సు కదలకుండా కింద పెట్టే గింజల సంచి) ఆన్చే తీరు వేరు.

తిండి విషయంలో “శాకాహారం” అని ఒక్క ముక్క రాస్తే చాలదు. గుడ్డు, చేప, ఉల్లి, వెల్లుల్లి, మాంసపు ఎముకల పులుసుతో చేసిన సూపు, ఒక్కొక్కటీ తింటామో తినమో విడిగా రాయాలి. క్యాంపు వంటింటికి సరుకు లారీలోనో విమానంలోనో ముందే వస్తుంది. అక్కడ దిగాక చెబితే వంటమనిషి చేయగలిగింది చాలా కొంచెం.

చివరిది: అత్యవసరంలో ఏం చేస్తారు? ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ విమాన తరలింపు మా బసకు వర్తిస్తుందని రాతలో తెప్పించుకున్నాం. అది రోగిని నైరోబీ ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు మాత్రమే. ఆసుపత్రి ఖర్చుకు ప్రయాణ బీమా విడిగా ఉండాలి.

85 రోజుల ముందు: విమానాలు, దిగే చోటు

విదేశీ విమానం దిగేది జోమో కెన్యాట్టా విమానాశ్రయంలో. మారా విమానం లేచేది విల్సన్ విమానాశ్రయం నుంచి. రెండూ నైరోబీలోనే ఉన్నా మధ్యలో ఊరి ట్రాఫిక్ ఉంది. మారాలో దిగే మట్టి రన్‌వేలకు దీపాలుండవు కాబట్టి ఈ విమానాలు పగటిపూటే ఎగురుతాయి. పొద్దుటిది తప్పితే మధ్యాహ్నందే, అదీ తప్పితే ఒక రాత్రి బస పోయినట్టే. క్యాంపు డబ్బు వెనక్కివ్వదు. అందుకే వెళ్ళేటప్పుడు నైరోబీలో ఒక రాత్రి పెట్టాం. ఐదు రాత్రుల ధరకు ఇది చవకైన పూచీ.

చాలామంది పొరబడే చోటు రన్‌వే పేరు. మారా అంటే ఒక్క విమానాశ్రయం కాదు. కీకొరోక్, ఓల్ కియోంబో, ముసియారా, కిచ్వా టెంబో, సెరెనా, మారా నార్త్ ఇలా చాలా ఉన్నాయి. విమానం బస్సులా ఒక్కోదాని దగ్గర ఆగుతూ పోతుంది. టిక్కెట్టు తీసేముందు క్యాంపు నుంచి రన్‌వే పేరు రాతలో తీసుకుని, టిక్కెట్టు మీద అదే ఉందో చూసుకోవాలి. తప్పు చోట దిగితే క్యాంపుకు చేరడానికి గంటల తరబడి రోడ్డు. మొదటి ఆగుడులోనే దిగిపోకుండా పైలట్ చెప్పే పేరు వినాలి.

60 రోజుల ముందు: మొదటి తూకం, 22.5 కిలోలు

కెమెరా మోసే మనిషి సంచి ఇది. ఏమీ వదలకుండా, మనసుకు తోచినవన్నీ పెట్టి తూచాం. చక్రాల పెట్టె 3.4, బట్టలు 7.2, రెండు జతల బూట్లు 1.9, స్నానం సామాను 1.8, కెమెరా సామగ్రి 4.3, ల్యాప్‌టాప్‌తో చార్జర్లు 1.6, మందులు 0.6, బైనాక్యులర్, పక్షుల పుస్తకం 1.7. మొత్తం 22.5. ఏడున్నర కిలోలు ఎక్కువ.

పెట్టె దగ్గరే మొదలెట్టాలి. మారాకు ఎక్కువగా ఎగిరేది సెస్నా గ్రాండ్ కారవాన్, ఒకే ఇంజను, పన్నెండు మంది దాకా. సామాను పెట్టే అర విమానం పొట్ట కింద పొడుగ్గా, లోతు తక్కువగా ఉంటుంది, తలుపులు చిన్నవి. గట్టి పెట్టె అందులో వంగదు, పక్క సంచుల మధ్య ఇమడదు. మెత్తటి డఫెల్ సంచి నొక్కితే నొక్కినట్టు కూర్చుంటుంది. చక్రాలు, లాగుడు పిడి ఉన్న డఫెల్ కూడా వద్దు, లోపలి చట్రం గట్టిదే. బరువు తగ్గడం రెండో లాభం.

అదనపు బరువుకు డబ్బు కడదాం అనుకునేవాళ్ళకు ఒక మాట. విమానం నిండితే డబ్బు తీసుకున్నా సంచి ఎక్కదు, తరవాతి విమానంలో వస్తుంది. అంతగా తప్పనిసరైతే సామానుకే ఒక సీటు కొనొచ్చు, పెద్ద లెన్సులవాళ్ళు చేసేది అదే. నగరానికి మాత్రమే కావలసిన బట్టలుంటే నైరోబీ హోటల్లో వదిలి వెళ్ళొచ్చు.

52 రోజుల ముందు: టీకా, మాత్రలు

భారత్ నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళను ఎల్లో ఫీవర్ టీకా పత్రం కెన్యా అడగదు. తిరిగొచ్చేటప్పుడు భారత్ అడుగుతుంది, ఎందుకంటే కెన్యా ఆ జ్వరమున్న దేశాల జాబితాలో ఉంది. పత్రం లేకపోయినా, చెల్లకపోయినా ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది. వెళ్ళే ముందు వారంలో పరుగెత్తితే కుదరదన్నమాట. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, అక్కడ కూడా వారంలో కొన్ని రోజులే. పత్రం మీద పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో అక్కడే నిలబడి చూసుకోవాలి. 2016 జూలై నుంచి ఒక్క మోతాదు జీవితాంతం చెల్లుతుంది, పాత పత్రంలో పదేళ్ళని రాసి ఉన్నా సరే. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. అరవై దాటినవాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు, రోగనిరోధకశక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు వైద్యుడితో మాట్లాడకుండా వేయించుకోకూడదు.

మలేరియా మాత్రలు ఏవన్నది వైద్యుడి మాట. లెక్క మాత్రం మనమే కట్టుకోవాలి. మారాలో ఐదు రాత్రులంటే ఆరు రోజులు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఒక రోజు ముందు మొదలుపెట్టి, బయటికొచ్చాక ఏడు రోజులు: 1+6+7, మనిషికి 14 మాత్రలు. అన్నంతోనో పాలతోనో వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు. డాక్సీసైక్లిన్ చవక గానీ బయటికొచ్చాక 28 రోజులు వేసుకోవాలి, అంటే 35. పైగా అది చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. మారా భూమధ్యరేఖకు దగ్గర, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల పైన ఉంటుంది. తెరిచిన బండిలో రోజుకు ఆరేడు గంటలు కూర్చునేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ఏ మాత్రైనా ఇంటికొచ్చాక మానేయడమే పెద్ద తప్పు. ఆఖరి రాత్రి కుట్టిన దోమకు కూడా ఈ మిగిలిన మాత్రలే కాపు.

కొత్త మాత్రల్ని అడవిలో తొలిసారి వేసుకోవద్దు. పడుతుందో లేదో ఇంట్లో తెలిసేలా వైద్యుణ్ణి అడిగి ముందే చూసుకోవాలి.

40 రోజుల ముందు: బట్టలు, ఈగలు

రంగు గురించి ఫ్యాషన్ మాటలు చాలా వింటాం. అసలు కారణం రెండు. తెలుపు గడ్డిలో దూరానికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, కాలినడకలో అది మంచిది కాదు. పైగా అర రోజులో మారా దుమ్ము రంగుకొస్తుంది. ముదురు నీలం, నలుపు రక్తం పీల్చే సెట్సీ ఈగను పిలుస్తాయి. ఆ ఈగల్ని పట్టే ఉచ్చులను నీలం, నలుపు గుడ్డతోనే కుడతారంటే ఆ రంగులంటే వాటికి ఎంత ఇష్టమో అర్థమవుతుంది. పొదలు దట్టంగా ఉన్నచోట ఇవి పలచటి గుడ్డలోంచి కూడా కుడతాయి, ఒంటికి రాసే దోమల మందు వాటికి పెద్దగా ఆనదు. కాబట్టి ఖాకీ, ఆలివ్, గోధుమ రంగులు, కాస్త మందంగా నేసినవి. సైన్యపు మచ్చల బట్టలు అసలొద్దు, ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో పౌరులు వేసుకోవడం నేరం.

తేలిన జాబితా, తూకంతో: నిండు చేతుల చొక్కాలు 3 (750 గ్రాములు), ప్యాంట్లు 2 (800), ఫ్లీస్ అనే వెచ్చటి పైచొక్కా 1 (400), రాత్రి దుస్తులు (400), లోదుస్తులు 5 జతలు (500), మేజోళ్ళు 4 జతలు (250), సాయంత్రానికి ఒక జత (350), గడ్డం కింద తాడున్న టోపీ (100), తుండు (150), వాన పొర (300), టీషర్టులు 2 (300). మొత్తం 4.3 కిలోలు. గాలి చొరని కోటు ఒంటి మీదే. వాన పొర క్యాంపు ఇస్తానన్నా ఉంచాం, అది కెమెరాకు.

తుండు గురించి ఒక్క మాట. మెడకు, ముక్కుకు చుట్టుకోవడానికి, లెన్సు మీద కప్పడానికి, చెమట తుడుచుకోవడానికి మన నూలు తుండుకు మించింది లేదు. దీనికోసం ప్రత్యేకంగా అమ్మే గొట్టపు గుడ్డలు కొనక్కర్లేదు.

ప్యాంట్లు, మేజోళ్ళ మీద 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పిచికారీ చేశాం. ఆరుబయట తాడుకు వేలాడదీసి రెండు వైపులా తడిసేదాకా కొట్టి, పూర్తిగా ఆరాకే మడవాలి. ఒంటికి రాసుకునేది కాదు. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు విషం, ఇంట్లో పిల్లి ఉంటే దూరంగా ఆరేయండి. సుమారు ఆరు ఉతుకుల దాకా పనిచేస్తుంది. క్యాంపులో రోజూ ఉతుకుతారు కాబట్టి మందు కొట్టిన ప్యాంట్లను రోజు విడిచి రోజు మాత్రమే ఉతకడానికి వేద్దాం. ఒంటికి రాసే దోమల మందు 30 శాతం డీట్ లేదా 20 శాతం పికారిడిన్ ఉన్నది. ముందు సన్‌స్క్రీన్, అది ఇంకాక దాని మీద దోమల మందు. తలకిందులైతే సన్‌స్క్రీన్ మందును కప్పేస్తుంది.

30 రోజుల ముందు: రెండో తూకం, 14.9 కిలోలు

డఫెల్ 1.1 (2.3 తగ్గింది), బట్టలు 4.3 (2.9 తగ్గింది). బరువు బూట్లు కాళ్ళకు, సంచిలో చెప్పులు మాత్రమే 0.5 (1.4 తగ్గింది). స్నానం సామాను 0.8 (1.0 తగ్గింది). కాగితం మీద గట్టెక్కినట్టే. కానీ ఇంటి వేలాడే కాటాకూ విల్సన్ కాటాకూ రెండు మూడు వందల గ్రాముల తేడా ఉండొచ్చు. తిరుగు ప్రయాణంలో ఒక మాసాయి శుకా దుప్పటి, పూసల పని కూడా ఎక్కుతాయి. లక్ష్యాన్ని 13.5కు దించాం.

24 రోజుల ముందు: కెమెరా, కరెంటు లెక్క

కెమెరా వాటా 4.3 ఇలా వచ్చింది: బాడీ 0.7, 100-400 లెన్సు 1.5, చిన్న లెన్సు 0.5, బ్యాటరీలు చార్జరు 0.3, నింపిన బీన్‌బ్యాగ్ 1.0, దుమ్ము ఊదే బ్లోయర్, కవర్లు 0.3. ఇక్కడ వృథా కళ్ళెదురుగానే ఉంది. బీన్‌బ్యాగ్ ఖాళీగా తీసుకెళ్ళి క్యాంపు వంటింట్లో బియ్యమో చిక్కుడు గింజలో అడిగి నింపుకుంటే 0.1. బయల్దేరేటప్పుడు తిరిగిచ్చేయడమే. 0.9 మిగిలింది. నోరు గట్టి జిప్ ఉన్నది కావాలి. వెల్క్రో మూతలు బండి కుదుపుకు తెరుచుకుని గింజలు సీటు కిందికి పోతాయి.

ల్యాప్‌టాప్ కూడా దిగిపోయింది. రోజుకు 1,200 ఫొటోలు, ఒక్కోటి 25 మెగాబైట్లు అంటే 30 గిగాబైట్లు, ఐదు రోజులకు 150. రెండు 128 కార్డులు, కార్డులోంచి నేరుగా ఎక్కించుకునే చిన్న డ్రైవు ఒకటి చాలు. మరో 0.9 తగ్గింది, ఈ వాటా ఇప్పుడు 0.7.

కరెంటు: రెండు ఫోన్లు, రెండు కెమెరా బ్యాటరీలు కలిపి రోజుకు దాదాపు 70 వాట్-గంటలు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు పేరుకు 74 వాట్-గంటలు, చేతికొచ్చేది మూడింట రెండొంతులే. అంటే అది ఒక రోజు అవసరంలో చాలా భాగం తీరుస్తుంది, ఐదు రోజుల్ని నడపదు. మధ్యాహ్నం సోలార్ నిండుగా ఉన్నప్పుడే అన్నీ చార్జింగ్‌కు పెట్టాలి. సాయంత్రం అందరూ ఒకేసారి పెట్టినప్పుడే క్యాంపుల్లో కరెంటు పడిపోతుంది. కెన్యాలో 240 వోల్టులు, మూడు చదరపు కాళ్ళ బ్రిటిష్ ప్లగ్గు. మన చార్జర్లకు ఆ ఆకారపు అడాప్టర్ చాలు, వోల్టేజీ మార్చే డబ్బా అక్కర్లేదు. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతిసంచిలోనే.

బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లది), మనిషికొకటి. పదిరెట్లది బండిలో వణుకుతుంది. ఇద్దరికీ ఒకటే ఉంటే, చిరుత చెట్టు దిగే ఆ పది సెకన్లు ఒకరే చూస్తారు. పక్షుల పుస్తకం కిలో బరువు, అయినా తీయలేదు. మారాలో నాలుగు వందలకు పైగా పక్షి జాతులున్నాయి. మధ్యాహ్నం గుడారం ముందు కూర్చుని పుటలు తిప్పడానికి ఫోను సరిపోదు.

డ్రోన్ ఇంట్లోనే. అనుమతి లేకుండా కెన్యాలోకి తెస్తే విమానాశ్రయంలోనే ఆపుతారు.

16 రోజుల ముందు: కాగితాలు, ప్లాస్టిక్, డబ్బు

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా స్థానంలో ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) వచ్చింది, రుసుము 30 డాలర్లు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, విమాన టిక్కెట్లు, బస ఖరారు పత్రం కావాలి. ప్రభుత్వ సైటును పోలిన సైట్లు చాలా ఉన్నాయి, ఎక్కువ రుసుము గుంజుతాయి.

2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ చేతిసంచులు నిషేధం. 2020 జూన్ నుంచి రక్షిత ప్రాంతాల్లో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాల వంటివీ నిషేధమే. బట్టల మధ్య చుట్టిన దుకాణపు కవర్లన్నీ తీసి గుడ్డ సంచులు పెట్టాం. మనిషికొక స్టీలు సీసా.

బక్షీసుకు డాలర్లు: చిన్న నోట్లు, చిరుగులూ రాతలూ లేనివి. 2006కు ముందు అచ్చైన నోట్లను చాలాచోట్ల తీసుకోరు. గైడ్‌కు చివరి రోజు చేతికి, మిగతా సిబ్బందికి కలిపి భోజనాల గుడారంలోని పెట్టెలో. రెండు కవర్లు విడిగా ముందే కట్టిపెట్టాం.

10 రోజుల ముందు: ఇంట్లో రిహార్సల్

ఫిబ్రవరి కదా, ఆఫ్రికా కదా అని చలిబట్టలు తీసేస్తే మొదటి పొద్దునే తెలుస్తుంది. ఆ ఎత్తులో తెల్లవారుజామున చలి, పైగా తెరిచిన బండిలో ఎదురుగాలి. దాన్ని అంచనా వేయడానికి తెల్లవారకముందే అవే బట్టలతో అరగంట స్కూటర్ మీద తిరిగి చూశాం. ఒళ్ళు ఫర్వాలేదు, చెవులు, వేళ్ళు కొంకర్లు పోయాయి. కుల్లాయి, పలచటి చేతితొడుగులు కలిపాం: 200 గ్రాములు.

బకెట్ షవర్: 20 లీటర్లు కొలిచి పెట్టుకున్నాం. చెంబుతో పోసుకునే అలవాటున్నవాళ్ళకు ఇది ఎక్కువే. గొలుసు లాగి వదిలేస్తే మాత్రం నాలుగైదు నిమిషాల్లో ఖాళీ. తడుపుకుని, ఆపి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తెరవాలి. తలస్నానం మధ్యాహ్నం చేయాలి, సాయంత్రం చలిలో డ్రయర్ లేకుండా జుట్టు ఆరదు.

చీకట్లో తలదీపంతో ఐదుంపావుకు లేచి పదిహేను నిమిషాల్లో తయారవడం రెండుసార్లు చేశాం. మొదటిసారి 26 నిమిషాలు, ఎందుకంటే మాత్రలు, టోపీ, కార్డులు మూడు చోట్ల ఉన్నాయి. పొద్దుటి వస్తువులన్నీ ఒకే గుడ్డ సంచిలో రాత్రే పెట్టేస్తే 14.

గుడారం జిప్పులు కూడా సాధన చేయదగ్గవే. రెండు జిప్పులు కలిసే మూల నేల దగ్గర వేలెడు సందు వదిలితే కోతి చెయ్యి దూరుతుంది. వెర్వెట్ కోతులకు జిప్ తెరవడం వచ్చు. రెండు లాగుడు పిడుల్ని కలిపే చిన్న కొక్కెం ఒకటి తీసుకున్నాం. తినేవేవీ గుడారంలో ఉంచకూడదు. ఆ లెక్కలో మందుల బిళ్ళల్లో తీపివి, పుదీనా బిళ్ళలు, వాసన ఉన్న పెదవుల నూనె కూడా వస్తాయి. వాటిని క్యాంపు వాళ్ళకే ఇచ్చి పెట్టమనాలి. చీకటి పడ్డాక గుడారం దాటి ఒంటరిగా అడుగెయ్యకూడదు. టార్చి ఊపితేనో ఈల వేస్తేనో కాపలా మనిషి వస్తాడు. నీటిగుర్రాలు, అడవిదున్నలు రాత్రిపూట గుడారాల మధ్యే మేస్తాయి, ఈ నియమం వాటి వల్ల వచ్చింది.

4 రోజుల ముందు: చివరి తూకం, 13.3 కిలోలు

14.9లోంచి బీన్‌బ్యాగ్ 0.9, ల్యాప్‌టాప్ 0.9 పోయి 13.1. కుల్లాయి, తొడుగులతో 13.3. రెండో సంచి, కెమెరా లేనిది, 10.6. 15 కిలోల హద్దు దగ్గర కాటా తేడా వస్తే ఇందులోకి మార్చే చోటుంది.

సర్దే వరస: అడుగున చెప్పులు, స్నానం సామాను, మధ్యలో చుట్టిన బట్టలు, పైన ఫ్లీస్, వాన పొర. కెమెరా, మందులు, పత్రాలు, ఒక జత లోదుస్తులు చేతిసంచిలో. డఫెల్ తరవాతి విమానంలో వచ్చినా మొదటి సాయంత్రపు సఫారీ ఆగకూడదు.

ఇంకా పెండింగ్‌లో ఉన్నవి: క్యాంపుకు గుర్తుచేసే ఉత్తరం (తిండి, దిగే విమానం నంబరు, ఇద్దరి బూట్ల కొలత, కాలినడకకు గమ్‌బూట్లు ఇస్తారు కాబట్టి). డఫెల్ చీటీ మీద క్యాంపు పేరు ఒక్కటే రాసి ఉంది, దాని కింద రన్‌వే పేరు కూడా రాయాలి. నైరోబీ చేరిన రాత్రి భోజనంతో మొదటి మలేరియా మాత్ర.